ఆటోక్యాడ్ 2022: ఫైల్‌డయా 1 పెట్టినా మర్నాటికి 0, ఎక్స్‌ప్లోడ్ తెలీదంటోంది, లేఅవుట్‌లో సెంటర్ లైన్లు నిండు గీతలు

జయనగర్_ప్లాన్లు

అందరికీ నమస్తే. బెంగళూరులో చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసు మాది. మూడు సిస్టమ్‌లు, మూడింటిలోనూ ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ 2022, పూర్తి వెర్షనే, తక్కువ సదుపాయాలుండే ఎల్‌టీ కాదు. ఎక్కువగా 30×40, 40×60 సైట్ల ఇళ్ళు. మేము అంగుళాల్లో గీస్తాం, స్ట్రక్చరల్ వాళ్ళు మిల్లీమీటర్లలో పంపుతారు. ప్రింట్లు ఏ1, ఏ2 షీట్ల మీద 1:100లో.

సమస్యలు వరసగా చెప్తాను.

ఓపెన్ నొక్కితే విండో రాదు, కింద కమాండ్ లైన్‌లో ఫైలు పేరు అడుగుతుంది. ఆ విండోను చూపించే సెట్టింగ్ ఫైల్‌డయాను 1 చేస్తే ఆ పూటకు సరి. తెల్లారేసరికి మళ్ళీ 0. ఇది 1, 2 నంబరు సిస్టమ్‌లలోనే. 3లో ఎప్పుడూ రాలేదు. దాన్నుంచి ప్లాట్లు (షీట్ల ప్రింట్లు) తీయం, మిగతా పనంతా ఒకటే.

1లో ఒక గీత సెలెక్ట్ చేసి రెండోది నొక్కితే మొదటిది వదిలేస్తుంది. షిఫ్ట్ పట్టుకుంటేనే రెండూ ఉంటాయి.

2లో బ్లాకును (ఒక్కటిగా కట్టిన గీతల గుంపును) విడగొట్టే ఎక్స్‌ప్లోడ్ కొడితే అన్‌నోన్ కమాండ్ అంటుంది. వేరే డ్రాయింగ్‌ను జతచేసే ఎక్స్‌రెఫ్ కూడా అంతే. అదే సిస్టమ్‌లో గీతల చివరలు, కేంద్రాల్లాంటి బిందువులను పట్టుకునే ఓస్నాప్ మధ్యమధ్యలో మాయమవుతుంది.

స్ట్రక్చరల్ వాళ్ళ 230×450 కాలమ్‌ను మా డ్రాయింగ్‌లో ఇన్సర్ట్ చేస్తే 19 అడుగుల 2 అంగుళాల వెడల్పుతో దిగుతుంది.

చివరిది: గ్రిడ్ సెంటర్ లైన్లు మోడల్‌లో (గీసే చోట) చక్కగా తెగి కనిపిస్తాయి, లేఅవుట్‌లో (ప్రింట్ షీటులో) మాత్రం నిండు గీతలే. తెగిన గీతల నమూనా సైజు పెట్టే ఎల్‌టీస్కేల్ 100 ఉంది.

అన్నీ ఒకే జబ్బా, వేర్వేరా?

బ్లాక్_బాబు

బ్రదర్, ఇంత తలనొప్పి ఎందుకు? స్టార్ట్ మెనూలో ఆటోక్యాడ్ 2022 ఫోల్డర్ తెరిస్తే రీసెట్ సెట్టింగ్స్ టు డిఫాల్ట్ ఉంటుంది. నొక్కెయ్, పది నిమిషాల్లో కొత్తదానిలా తయారవుతుంది.

గిండీ_లైన్‌వెయిట్

రీసెట్ చేస్తే ప్రొఫైలు, సపోర్ట్ పాత్‌లు (ఆటోక్యాడ్ తన ఫైళ్ళను వెతికే ఫోల్డర్లు), టూల్ ప్యాలెట్లు, సొంతంగా పెట్టుకున్న షార్ట్‌కట్లు అన్నీ పోతాయి. ముందు బ్యాకప్ తీసుకునే ఎంపిక ఆ టూల్‌లోనే ఉంది, చాలామంది చూడకుండా దాటేస్తారు. సరే, చేశాడనుకుందాం. విలువను మారుస్తున్నది బయట ఉన్న స్క్రిప్టో లిస్పో (ఆటోక్యాడ్‌లో నడిచే చిన్న ప్రోగ్రాం) అయితే మర్నాడు అది మళ్ళీ మారుస్తుంది. రీసెట్ చివరి మాట, మొదటిది కాదు.

జయనగర్ గారూ, ఒక్కో వేరియబుల్ (ఫైల్‌డయా లాంటి సెట్టింగ్) ఎక్కడ భద్రమవుతుందో ముందు చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఫైల్‌డయా, పిక్‌యాడ్ (సెలెక్షన్‌ది), ఓఎస్‌మోడ్ (ఓస్నాప్‌ది) విండోస్ రిజిస్ట్రీలో ఉంటాయి. అంటే ఆ సిస్టమ్‌లో ఏ డ్రాయింగ్ తెరిచినా అదే విలువ. ఎల్‌టీస్కేల్, ఇన్‌స్‌యూనిట్స్ (డ్రాయింగ్ ఏ యూనిట్లలో ఉందో చెప్పేది), మిర్‌టెక్స్ట్, ఫిల్‌మోడ్ డ్రాయింగ్‌లోనే ఉంటాయి, ఫైలుతోపాటు ఊళ్ళు తిరుగుతాయి. సీఎండీఎకో, ఎక్స్‌పర్ట్ లాంటివి ఎక్కడా భద్రం కావు, ఆటోక్యాడ్ మూసి తెరిస్తే మామూలైపోతాయి. ఆప్షన్స్ విండోలో కొన్ని సెట్టింగుల పక్కన చిన్న డ్రాయింగ్ ఫైలు బొమ్మ ఉంటుంది. అది ఉన్నదేదైనా ఆ ఒక్క ఫైలుకే వర్తిస్తుంది. ఆఫీసంతా మార్చేశాం అనుకుని ఒక్క ఫైల్లో మార్చి ఊరుకునేది అక్కడే.

ఈ లెక్కన మీ మొదటి మూడూ సిస్టమ్‌ల గొడవ, చివరి రెండూ ఫైళ్ళ గొడవ. ఒక జబ్బు కాదు.

పిక్‌యాడ్ తేలిక. ప్రాపర్టీస్ ప్యాలెట్ పైభాగంలో క్విక్ సెలెక్ట్ గుర్తు దగ్గర ఇంకో చిన్న బటన్ ఉంటుంది. పిక్‌యాడ్‌ను తిప్పేది అదే. క్విక్ సెలెక్ట్ అనుకుని దాన్ని నొక్కేస్తుంటారు. కమాండ్ లైన్‌లో పిక్‌యాడ్ కొట్టి 2 ఇవ్వండి, మామూలుగా ఉండాల్సిన విలువ అదే.

ఓస్నాప్ మాయమైనప్పుడు వెంటనే ఎఫ్3 నొక్కకండి. ముందు ఓఎస్‌మోడ్ కొట్టి అంకె చూడండి. ఎండ్‌పాయింట్ 1, సెంటర్ 4, ఇంటర్‌సెక్షన్ 32, ఎక్స్‌టెన్షన్ 4096, ఇవన్నీ కలిపితే మామూలు విలువ 4133. ఎఫ్3తో ఆపితే దానికి 16384 కలుస్తుంది, అంటే 20517 కనిపిస్తుంది. అలాంటి పెద్ద అంకె ఉంటే ఎవరిదో వేలు తగిలింది, అంతే. సరిగ్గా 0 కనిపిస్తే మాత్రం ఏదో లిస్ప్ ఓఎస్‌మోడ్‌ను సున్నా చేసి, పని మధ్యలో ఎస్కేప్ నొక్కడంతో తిరిగి పెట్టకుండా వదిలేసిందన్నమాట.

ఎక్స్‌ప్లోడ్ విషయం నాకు నచ్చట్లేదు. ముందు చుక్క పెట్టి .ఎక్స్‌ప్లోడ్ అని కొట్టి చూడండి. పనిచేస్తే కమాండ్ పాడవలేదు, ఎవరో అన్‌డిఫైన్ చేశారు, అంటే మామూలు పేరుతో పిలిస్తే పలకకుండా చేశారు. తర్వాత 2లో ఇది కమాండ్ లైన్‌లో కొట్టి ఏం వస్తుందో ఇక్కడ పెట్టండి:

(ఫైండ్‌ఫైల్ "ఏక్యాడ్‌డాక్.ఎల్‌ఎస్‌పీ")

ఏక్యాడ్.ఎల్‌ఎస్‌పీ, ఏక్యాడ్.ఫాస్, ఏక్యాడ్.వీఎల్‌ఎక్స్ పేర్లతో కూడా అలాగే. నిల్ వస్తే లేనట్టు. దారి చూపిస్తే ఆ దారి మొత్తం కావాలి. లిస్ప్‌ల లోడింగ్‌ను అదుపు చేసే సెక్యూర్‌లోడ్, లెగసీకోడ్‌సెర్చ్ విలువలు కూడా చెప్పండి.

పీన్యా_షీట్‌మెటల్

ఫైల్‌డయా గురించి నేను చెప్తా. ప్లాట్లు తీసే రెండు సిస్టమ్‌లలోనే వస్తోందన్నారు కదా. చాలా షీట్లు ఒకేసారి తీసే బ్యాచ్ ప్లాట్‌కు ఎస్‌సీఆర్ స్క్రిప్ట్ (కమాండ్లు వరసగా రాసిన ఫైలు) వాడుతున్నారా? నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి వరసల్లో ఫైల్‌డయా 0, చివర్లో ఫైల్‌డయా 1 ఉంటుంది, పందెం. నలభై ఫైళ్ళలో ఒకటి వేరేవాళ్ళ దగ్గర తెరిచి ఉన్నా, లేఅవుట్ పేరు తేడా వచ్చినా స్క్రిప్ట్ అక్కడే ఆగుతుంది. చివరి వరస నడవదు. 0 రిజిస్ట్రీలో కూర్చుంటుంది. సాయంత్రం ప్లాట్లు తీసి ఇంటికెళ్తారు, పొద్దున విండో రాదు.

అసలు ఆ 0 అక్కరలేదు. ఫైల్‌డయా 1లో ఉన్నా, స్క్రిప్టో లిస్పో నడుస్తున్నంతసేపు ఆటోక్యాడ్ విండో తెరవదు, కమాండ్ లైన్‌లోనే అడుగుతుంది. కాబట్టి రెండు వరసలూ తీసేయండి. ప్లాట్‌కు ముందు గీత పెట్టిన -ప్లాట్ వాడండి. బ్యాక్‌గ్రౌండ్‌ప్లాట్ 0 ఉంచండి, లేకపోతే ఒక షీటు అయ్యేలోపు స్క్రిప్ట్ ముందుకు పరిగెడుతుంది. ఇంకా మంచిది స్క్రిప్ట్ మానేసి పబ్లిష్ వాడి, షీట్ల జాబితాను డీఎస్‌డీ ఫైలుగా దాచుకోవడం. పేజ్ సెటప్‌కు అన్ని ఫైళ్ళలో ఒకే పేరు ఉంటే చాలు.

అర్జెంటుగా విండో కావాలంటే, ఫైల్‌డయా 0లో ఉన్నా, ఫైలు పేరు అడిగిన చోట ~ కొట్టి ఎంటర్ నొక్కండి. ఆ ఒక్కసారికి విండో వస్తుంది.

ఇంకోటి. సిస్‌వార్‌మానిటర్ అనే కమాండ్ 2016 నుంచీ ఉంది, వాడేవాళ్ళు తక్కువ. జాబితాలో ఫైల్‌డయా, పిక్‌యాడ్, ఓఎస్‌మోడ్ పెట్టి, ఉండాల్సిన విలువలు రాసి, బెలూన్ నోటిఫికేషన్‌కు టిక్ పెట్టండి. ఏదైనా మారిన క్షణంలో కింది మూల నుంచి చెప్తుంది. అప్పుడు ఏ రొటీన్ నడుస్తోందో చూస్తే దొంగ దొరికినట్టే.

జయనగర్_ప్లాన్లు

అన్నా, స్క్రిప్ట్ సంగతి అక్షరాలా మీరు చెప్పినట్టే ఉంది. రెండు వరసలూ తీసేశాం. పిక్‌యాడ్ కూడా సరైంది.

గిండీ గారూ, 2లో చూశాను. .ఎక్స్‌ప్లోడ్ పనిచేసింది. ఓఎస్‌మోడ్ 0. ఏక్యాడ్‌డాక్‌కు నిల్ వచ్చింది, కానీ ఏక్యాడ్.ఎల్‌ఎస్‌పీకి దారి చూపించింది. అది సర్వర్‌లోని ప్రాజెక్ట్ ఫోల్డర్. బయటినుంచి జిప్‌లో వచ్చిన డ్రాయింగ్‌లను అక్కడే విప్పాం. సెక్యూర్‌లోడ్ 0, లెగసీకోడ్‌సెర్చ్ 0. ఆప్షన్స్‌లో సపోర్ట్ ఫైల్ సెర్చ్ పాత్ చూస్తే ఆ సర్వర్ ఫోల్డర్ జాబితాలో అన్నిటికంటే పైన ఉంది. 1, 3లలో అది లేదు. ఆ ఫైల్లో అన్‌డిఫైన్, వీఎల్-ఫైల్-కాపీ అనే మాటలు కనిపిస్తున్నాయి.

గిండీ_లైన్‌వెయిట్

అయితే అది ఆఫీసు లిస్ప్ కాదు, లిస్ప్ వైరస్. మామూలు రొటీన్‌కు ఎక్స్‌ప్లోడ్, ఎక్స్‌రెఫ్, ఎక్స్‌బైండ్‌లను అన్‌డిఫైన్ చేయాల్సిన పని లేదు. బర్‌స్టెడ్ అనే పాత రకం సరిగ్గా ఈ మూడింటినే ఎత్తేస్తుంది, ఏక్యాడ్‌యాప్ అనే పేరుతో తన నకలు కూడా పెట్టుకుంటుంది. ఇలాంటివి డీడబ్ల్యూజీ లోపల ఉండవు, ఫోల్డర్‌లో పక్కన కూర్చుంటాయి. అందుకే జిప్‌లో వస్తాయి.

ఏక్యాడ్ పేరున్న లిస్ప్‌ను ఆటోక్యాడ్ తెరుచుకునేటప్పుడే, ఎవరూ అడగకుండా లోడ్ చేస్తుంది. సపోర్ట్ పాత్‌లో మొదట దొరికిందే తీసుకుంటుంది. 2లో సర్వర్ ఫోల్డర్ పైన ఉంది, అడ్డుకోవాల్సిన సెక్యూర్‌లోడ్ ఏమో 0. వస్తుంది మరి. లెగసీకోడ్‌సెర్చ్ 0లోనే ఉన్నా ఉపయోగం లేకపోయింది. అది డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌ను వెతకకుండా ఆపుతుంది కానీ, సపోర్ట్ పాత్‌లో మనమే పెట్టిన ఫోల్డర్‌ను ఆపదు.

శుభ్రం చేసేటప్పుడు వరస తప్పకండి. మూడు సిస్టమ్‌లలోనూ ఆటోక్యాడ్ మూసేయండి. ఒక్కటి తెరిచి ఉన్నా అది మళ్ళీ నకలు వేస్తుంది. తర్వాత సర్వర్‌లోనూ, మూడు సిస్టమ్‌ల డిస్కుల్లోనూ ఏక్యాడ్ పేరుతో మొదలయ్యే ఎల్‌ఎస్‌పీ, ఫాస్, వీఎల్‌ఎక్స్ ఫైళ్ళన్నీ వెతకండి. ప్రాజెక్ట్ ఫోల్డర్లలో ఉన్నవి తీసేయండి. ఆటోక్యాడ్ సొంత సపోర్ట్ ఫోల్డర్‌లోని ఏక్యాడ్2022.ఎల్‌ఎస్‌పీ, ఏక్యాడ్2022డాక్.ఎల్‌ఎస్‌పీ మాత్రం అసలైనవి, వాటి జోలికి వెళ్ళొద్దు. ఏక్యాడ్.ఎంఎన్‌ఎల్ కూడా అసలుదే, కానీ దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చివరి వరసలు చూడండి. ఇంకో లిస్ప్‌ను లోడ్ చేయమని అక్కడ తగిలిస్తుంటాయి. ఆ వరస ఒక్కటే తీసి సేవ్ చేయండి. ఫాస్, వీఎల్‌ఎక్స్ కంపైల్ అయిన ఫైళ్ళు, నోట్‌ప్యాడ్‌లో చదవలేం. ఎవరు పెట్టారో తెలియకపోతే పక్కకు తీసేయడమే.

ఆ తర్వాత 2లో డెస్క్‌టాప్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్ తెరిచి, టార్గెట్ చివర ఒక ఖాళీ వదిలి /సేఫ్‌మోడ్ చేర్చి తెరవండి. ఆ స్థితిలో ఏ లిస్పూ నడవదు. సపోర్ట్ పాత్‌లోంచి సర్వర్ ఫోల్డర్ తీసేయండి, సెక్యూర్‌లోడ్ 1 చేయండి. యాప్‌లోడ్‌లో స్టార్టప్ సూట్ (తెరిచినప్పుడల్లా లోడయ్యేవాటి జాబితా) తెరిచి, ఎరగని పేరు ఉంటే అదీ తీసేయండి. మూసి, షార్ట్‌కట్‌లో చేర్చింది తీసేసి మామూలుగా తెరవండి. ఎక్స్‌ప్లోడ్ దానంతటదే రావాలి. రాకపోతే రీడిఫైన్ కొట్టి ఎక్స్‌ప్లోడ్ పేరు ఇవ్వండి. రీడిఫైన్‌తో వచ్చింది కదా అని ఊరుకుంటే మాత్రం లాభం లేదు. మర్నాడు మళ్ళీ పోయిందంటే ఎక్కడో నకలు మిగిలింది.

మీ సొంత లిస్ప్‌లకు ప్రతి సిస్టమ్‌లో ఒక లోకల్ ఫోల్డర్ పెట్టి, దాన్నే నమ్మదగిన ఫోల్డర్ల జాబితా అయిన ట్రస్టెడ్‌పాత్స్‌లో చేర్చండి. డ్రాఫ్టర్ల లాగిన్‌కు ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు ఇవ్వకండి. లిస్ప్ అడిగిన ప్రతిసారీ వార్నింగ్ వస్తోందని సెక్యూర్‌లోడ్‌ను 0 చేయడం చాలా ఆఫీసుల్లో ఉన్న అలవాటు. ట్రస్టెడ్‌పాత్స్ సరిగ్గా పెడితే ఆ వార్నింగే రాదు.

డ్రాయింగ్‌లు బయటికి పంపేటప్పుడు ఫోల్డర్‌ను జిప్ చేయకుండా ఈట్రాన్స్‌మిట్ వాడండి. కావాల్సిన ఎక్స్‌రెఫ్‌లు, ఫాంట్లు మాత్రమే పోతాయి. జిప్ పంపినవాళ్ళకూ ఒక మాట చెప్పండి, వాళ్ళకు తెలిసి ఉండదు.

మారతహళ్ళి_డ్రాఫ్టింగ్

సెంటర్ లైన్ల ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. జయనగర్ గారూ, లేఅవుట్‌లో పేపర్ మిల్లీమీటర్లలో ఉండి, వ్యూపోర్ట్ (షీటులో డ్రాయింగ్ కనిపించే కిటికీ) స్కేల్ 0.254ఎక్స్‌పీ, అంటే డ్రాయింగ్‌లో ఒక అంగుళానికి కాగితం మీద 0.254 మి.మీ., ఉందా?

జయనగర్_ప్లాన్లు

అవును, అదే.

మారతహళ్ళి_డ్రాఫ్టింగ్

అయితే లెక్క ఇది. అంగుళాల డ్రాయింగ్ కాబట్టి మీ సెంటర్ లైన్‌టైప్ ఏక్యాడ్.లిన్‌లోంచి వచ్చింది. దాని నమూనా 1.25 గీత, 0.25 ఖాళీ, 0.25 గీత, 0.25 ఖాళీ. మొత్తం 2 యూనిట్లు. పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1 ఉన్నప్పుడు లేఅవుట్‌లో ఈ నమూనాను పేపర్ యూనిట్లలో లెక్కిస్తుంది. ఎల్‌టీస్కేల్ 100 అంటే కాగితం మీద ఒక నమూనా 200 మి.మీ. 40 అడుగుల గ్రిడ్ లైన్ 1:100లో కాగితం మీద 122 మి.మీ. మాత్రమే. గీత కంటే నమూనా పొడవైతే ఆటోక్యాడ్ తెంపకుండా నిండుగా గీసేస్తుంది. మీకు కనిపిస్తున్నది అదే.

ఎల్‌టీస్కేల్ 10 పెట్టండి. కాగితం మీద పెద్ద గీత 12.5, ఖాళీ 2.5, చిన్న గీత 2.5 మి.మీ. వస్తాయి, గ్రిడ్‌కు బాగుంటాయి. పీఎస్‌ఎల్‌టీస్కేల్ ఒక్కో లేఅవుట్‌కు విడిగా ఉంటుంది కాబట్టి ప్రతి లేఅవుట్ ట్యాబ్‌లోకీ వెళ్ళి 1 అని చూసుకోండి. ఒక షీటు సరిగ్గా, పక్క షీటు తప్పుగా రావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. చివర్లో అన్నీ మళ్ళీ గీయించే రీజెన్‌ఆల్, అది కొట్టకుండా ఏమీ మారలేదని అనకండి.

ఇప్పుడు మోడల్‌లో గీతలు మరీ దగ్గరగా తెగుతాయి. ఎంఎస్‌ఎల్‌టీస్కేల్ 1 చేసి, స్కేల్‌లిస్ట్‌ఎడిట్‌లో కొత్త స్కేల్ ఒకటి చేర్చండి: పేపర్ యూనిట్లు 25.4, డ్రాయింగ్ యూనిట్లు 100. దాన్నే మోడల్‌లో యానొటేషన్ స్కేల్‌గా పెడితే రెండుచోట్లా ఒకేలా కనిపిస్తుంది. జాబితాలో ముందే ఉన్న 1:100 మీకు పనికిరాదు. అది ఒక మిల్లీమీటరుకు వంద అంగుళాలు అనుకుంటుంది.

ఇంత చేసినా సైటు హద్దుల పాలీలైన్ నిండుగానే ఉంటే అది ఎల్‌టీస్కేల్ తప్పు కాదు. దగ్గరదగ్గర శీర్షాలున్న పాలీలైన్‌లో ప్రతి ముక్కకూ నమూనా మొదటినుంచి మొదలవుతుంది. దాన్ని సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో లైన్‌టైప్ జనరేషన్ ఎనేబుల్ చేయండి. కొత్తగా గీసేవాటికి ప్లైన్‌జెన్ 1.

పీన్యా_షీట్‌మెటల్

కాలమ్ సంగతి: 230 యూనిట్లు 230 అంగుళాలుగా దిగాయి, అంటే 19 అడుగుల 2 అంగుళాలు. వాళ్ళ ఫైలు తెరిచి ఇన్‌స్‌యూనిట్స్ చూడండి, 0 ఉంటుంది. యూనిట్ లేని ఫైలు వస్తే ఆటోక్యాడ్ మీ సిస్టమ్‌లోని ఇన్‌స్‌యూనిట్స్‌డెఫ్‌సోర్స్ చూస్తుంది. అక్కడ 1, అంటే అంగుళం. అంగుళం నుంచి అంగుళానికి స్కేల్ ఏముంటుంది? వాళ్ళ ఫైల్లో ఇన్‌స్‌యూనిట్స్ 4 (అంటే మిల్లీమీటరు) చేసి సేవ్ చేశాక ఇన్సర్ట్ చేయండి, 25.4తో భాగించి 9.06 అంగుళాలకు దించుతుంది.

ఇన్‌స్‌యూనిట్స్‌డెఫ్‌సోర్స్‌నే 4 చేసేద్దాం అని ఎవరైనా చెప్తే వినకండి. మీ ఆఫీసు పాత తలుపుల, శానిటరీ బ్లాకుల్లో యూనిట్ లేనివి ఉంటే అవన్నీ 25.4 రెట్లు చిన్నవైపోతాయి.

జయనగర్_ప్లాన్లు

సెంటర్ లైన్లు వచ్చాయి, ఎక్స్‌ప్లోడ్ వచ్చింది. సర్వర్‌లో నాలుగు ఫోల్డర్లలో ఆ లిస్ప్ నకళ్ళు దొరికాయి. కాలమ్ ఫైల్లో ఇన్‌స్‌యూనిట్స్ 4 చేశాం. కొత్త డ్రాయింగ్‌లో సరిగ్గా దిగింది. పాత డ్రాయింగ్‌లో మాత్రం మళ్ళీ 19 అడుగులే. ఎందుకు?

పీన్యా_షీట్‌మెటల్

పాత డ్రాయింగ్‌లో అదే పేరుతో బ్లాక్ డెఫినిషన్ ముందే ఉంది. దాన్నే వాడుకుంటోంది, కొత్త ఫైలును చూడనే లేదు. రినేమ్ కొట్టి బ్లాక్స్‌లో ఆ పాత బ్లాకు పేరు చివర _పాత అని తగిలించండి. ఇప్పుడు ఫైలును మళ్ళీ ఇన్సర్ట్ చేస్తే కొత్త డెఫినిషన్ వస్తుంది, సైజు సరిపోతుంది.

ముందే పెట్టిన కాలమ్‌లను చెరపక్కర్లేదు. క్యూసెలెక్ట్‌లో పేరుతో అన్నీ పట్టి, ప్రాపర్టీస్‌లో స్కేల్ ఎక్స్, వై, జెడ్ మూడింటికీ 0.03937008 ఇవ్వండి. ఇన్సర్షన్ పాయింట్లు కదలవు, ఎక్కడివి అక్కడే కుదించుకుపోతాయి. ఒక్క షరతు, బ్లాకు బేస్ పాయింట్ కాలమ్ మధ్యలోనో మూలలోనో ఉండాలి. స్ట్రక్చరల్ వాళ్ళు దాన్ని 0,0 దగ్గర వదిలేసి కాలమ్‌ను ఎక్కడో దూరంగా గీసి ఉంటే, కుదించినప్పుడు కాలమ్ గ్రిడ్ మీంచి జరిగిపోతుంది. ముందు ఒక్కదాని మీద చేసి చూసుకుని, తర్వాత మిగతావి చేయండి.